మూడో పాఠం: ఏ పని తర్వాత?

గత పాఠం చివర మీరు ఒక చిన్న అలవాటు ఎంచుకుని కాగితం మీద రాసుకున్నారు. పది నిమిషాల నడక కావచ్చు, పొద్దున్నే ఒక గ్లాసు నీళ్లు కావచ్చు, రాత్రి అరగంట ముందు పడుకోవడం కావచ్చు. ఆ కాగితం తీయండి. అందులో "రోజూ" అన్న మాట ఉంటే కొట్టేయండి. దాని స్థానంలో ఏం రాయాలో ఈ పాఠంలో నేర్చుకుందాం.

"రోజూ నడుస్తాను" అనుకున్న మనిషి పొద్దుటి నుంచి రాత్రి దాకా ఒకటే తర్జనభర్జన పడాలి. ఇప్పుడు వెళ్లనా, కాసేపాగి వెళ్లనా, ఈ పని ముగించుకుని వెళ్లనా? సాయంత్రానికి ఓపిక అయిపోతుంది, నడక మిగిలిపోతుంది. ఆపైన "నాకు పట్టుదల లేదు" అని తనను తానే తిట్టుకుంటాడు. ఆ తిట్టు అన్యాయం అని నా గట్టి నమ్మకం. పళ్లు తోముకోవడానికి ఎవరూ పట్టుదల కూడగట్టుకోరు. నిద్ర లేస్తారు, బాత్‌రూమ్‌లోకి వెళ్తారు, బ్రష్ చేతిలో ఉంటుంది. ఒక పని ఇంకో పనిని వెంటబెట్టుకొస్తుంది. కొత్త అలవాటును కూడా అలా ఒక పాత పనికి తగిలించాలి. ఆ పాత పనిని ఈ పాఠాల్లో కొక్కెం అందాం.

పీటర్ గాల్విట్జర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1999లో రాసిన వ్యాసంలో ఈ సంగతే వివరించారు. ఏం చేయాలో మాత్రమే అనుకునేవాళ్ల కన్నా, ఎప్పుడు, ఎక్కడ, ఎలా చేస్తామో ముందే తేల్చుకున్నవాళ్లు ఆ పని ఎక్కువగా పూర్తిచేస్తారు. కాబట్టి మీ వాక్యం ఇలా మారాలి: "ఫలానా పని అవగానే, ఫలానా చోట, ఇది చేస్తాను."

ఇక కొక్కెం ఎంచుకోవడం. చాలామంది తప్పటడుగు వేసేది ఇక్కడే, కాబట్టి నెమ్మదిగా చదవండి. అది మీరు ఇప్పటికే ఏ ప్రయత్నమూ లేకుండా చేస్తున్న పని అయి ఉండాలి. చేయాలనుకుంటున్న పని కొక్కెం కాలేదు. "ధ్యానం అయ్యాక నడుస్తాను" అని రాసుకుని, ఆ ధ్యానమే ఇంకా అలవాటు కాకపోతే రెండూ కలిసి పడిపోతాయి. రెండోది, ఆ పని ఎక్కడ ముగుస్తుందో మీకు కచ్చితంగా తెలియాలి. "భోజనం అయ్యాక" అంటే ఎప్పుడు? ఆఖరి ముద్ద తిన్నాకా, కబుర్లు అయ్యాకా, గిన్నెలు సర్దాకా? ఆ సందులోనే ఫోన్ చేతిలోకి వస్తుంది, అరగంట పోతుంది. "భోజనం చేసి చెయ్యి కడుక్కోగానే" అని రాసుకుంటే కుళాయి కట్టేసిన క్షణమే మీకు పిలుపు. "ఆఫీసు నుంచి వచ్చాక" కన్నా "తాళం చెవి దాని చోట పెట్టగానే" మేలు. ఎంత చిన్న కదలిక దగ్గర ఆగితే అంత మంచిది.

కొక్కెం మీ చేతిలో ఉండటం కూడా ముఖ్యమే. పసిపిల్లలున్నవాళ్లు "పాప పడుకున్నాక" అని రాసుకుంటారు. పాప ఎప్పుడు పడుకుంటుందో పాప ఇష్టం. అలాంటి ఇంట్లో మీ ముఖం కడుక్కోవడం లాంటి సొంత పని వెతకండి. షిఫ్టుల్లో పనిచేసేవాళ్లు గడియారాన్ని వదిలేసి, నిద్ర లేవడాన్నే మొదలుగా పెట్టుకోవాలి.

అలారం సరిపోదా అంటే, మందులు వేసుకోవడానికి బాగానే పనికొస్తుంది. నడకకైతే, మనం ఏదో పనిలో మునిగి ఉన్నప్పుడు మోగుతుంది, ఆపేస్తాం. కొన్నాళ్లకు ఆపడమే అలవాటవుతుంది.

సెలవు రోజుల్లో కొన్ని కొక్కేలు మాయమవుతాయి. దానికి టెన్షన్ పడొద్దు. పెద్దవాళ్లకు వారానికి 150 నుంచి 300 నిమిషాల ఓ మోస్తరు శ్రమ ఉన్న వ్యాయామం కావాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చెప్పింది. లెక్క వారానిది. ఒక్కోసారి కనీసం పది నిమిషాలైనా చేయాలన్న పాత షరతును కూడా అప్పుడే తీసేసింది. అంటే ఐదు నిమిషాల నడక కూడా లెక్కలోకి వస్తుంది. గుండె జబ్బు, కీళ్ల నొప్పి లాంటివి ఉన్నవాళ్లు మాత్రం వ్యాయామం పెంచే ముందు డాక్టర్‌ని అడగండి.

ఇదంతా ఎన్నాళ్లకు అలవాటవుతుంది? 21 రోజులు అన్న మాట మీరు వినే ఉంటారు. దాన్ని పట్టుకుని 22వ రోజున నిరాశపడకండి. లండన్ యూనివర్సిటీ కాలేజ్‌లో ఫిలిప్పా లాలీ బృందం 96 మందిని 12 వారాలు గమనించింది. వాళ్లలో ప్రతి ఒక్కరూ తినడం, తాగడం, వ్యాయామాలకు సంబంధించిన ఒక పనిని రోజూ ఒకే సందర్భానికి ముడిపెట్టుకున్నారు, మనం ఇప్పుడు చేస్తున్నట్టే. ఆలోచించకుండా చేసే స్థితికి మధ్యస్థంగా 66 రోజులు పట్టింది. మనిషిని బట్టి 18 నుంచి 254 రోజుల దాకా తేడా ఉందని అంచనా వేశారు. నీళ్లు తాగడం లాంటివి త్వరగా అలవాటయ్యాయి, వ్యాయామానికి ఎక్కువ కాలం పట్టింది. మధ్యలో ఒక రోజు తప్పిపోతే పెద్దగా నష్టం జరగలేదు. దాని గురించి వచ్చే పాఠంలో వివరంగా మాట్లాడుకుందాం.

ఈ వారం అభ్యాసం. మీ వాక్యాన్ని కొత్తగా రాసి, కొక్కెం ఉన్న చోటే అతికించండి. పక్కన ఏడు రోజులకు, రోజుకు రెండు చొప్పున గడులు గీయండి. మొదటి గడిలో ఆ రోజు కొక్కెం వచ్చిందా, రెండో గడిలో దాని వెంట అలవాటు జరిగిందా అన్నది గుర్తు పెట్టండి. మొదటి గడి ఐదు రోజులైనా నిండకపోతే కొక్కెం మార్చాలి. మొదటిది నిండి రెండోది ఖాళీగా ఉంటే పని ఇంకా పెద్దదిగా ఉందన్నమాట, సగానికి తగ్గించండి. రెండు గడులూ చాలా రోజులు నిండితే ఏమీ మార్చకండి, ఇంకో అలవాటు చేర్చకండి. ఆ కాగితం దగ్గర పెట్టుకునే నాలుగో పాఠం మొదలుపెట్టండి.