చంద్రగ్రహణం ఫొటో ఎక్కడ చెడుతుంది? డాబా మీద ఎదురయ్యే చిక్కులు, వాటి పరిష్కారాలు

వరంగల్, హనుమకొండ, కాజీపేటల్లో ఉన్నవాళ్లు చంద్రగ్రహణం చూడటానికి ఊరు దాటాల్సిన పని లేదు. నక్షత్రాలను కనపడకుండా చేసే వీధిదీపాలు చంద్రుణ్ని ఏమీ చేయలేవు. ఇంటి డాబా చాలు. అయినా గ్రహణం మర్నాడు ఫోన్లలో తిరిగే ఫొటోల్లో చాలావరకు తెల్లటి చుక్కగానో, ఎర్రటి మసకగానో ఉంటాయి. అందరూ కెమెరాను తిడతారు. అసలు సంగతి ఏమిటంటే, నిండు చంద్రుడికీ పూర్తిగా నీడలో మునిగిన చంద్రుడికీ వెలుగులో వేల రెట్ల తేడా ఉంటుంది. మొదటి ఫొటోకు పెట్టిన సెట్టింగ్ గంట తర్వాత పనికిరాదు. అందుకే ఏ చిక్కు వచ్చినా ముందు చూసుకోవాల్సింది ఇప్పుడు ఏ దశ నడుస్తోందన్నదే.

దశల పేర్లకు పంచాంగాన్ని మించింది లేదు. నీడ తాకడం స్పర్శ, చంద్రుడు పూర్తిగా మునగడం నిమీలనం, నడిమి వేళ మధ్యకాలం, అంచు మళ్లీ బయటపడటం ఉన్మీలనం, నీడ పూర్తిగా వదలడం మోక్షం. 2025 సెప్టెంబరు 7 రాత్రి గ్రహణానికి మన సమయంలో ఇవి వరుసగా 9:57, 11:01, 11:42, 12:23, 1:26. రాబోయే గ్రహణానికీ ఈ ఐదు సమయాలు ఒక కాగితం మీద రాసి పెట్టుకోండి.

గ్రహణం మొదలైందన్నారు, చంద్రుడు మాత్రం మామూలుగానే ఉన్నాడు

మీరు చూసిన సమయం ఉపచ్ఛాయది, అంటే అసలు నీడ చుట్టూ ఉండే పలుచటి నీడది అయి ఉంటుంది. 2025లో అది 8:58కే మొదలైంది. ఆ దశలో భూమి సూర్యుణ్ని కొంతే అడ్డుకుంటుంది కాబట్టి చంద్రుడి వెలుగు తగ్గినట్టు కంటికి తెలియదు. చివర్లో ఒక అంచున పొగచూరినట్టు కనిపిస్తే అదే ఎక్కువ. స్పర్శ కాలానికి డాబా ఎక్కితే చాలు.

విదేశీ వెబ్‌సైట్లో చూసిన సమయమైతే అది అంతర్జాతీయ సమయం కావచ్చు. దానికి ఐదున్నర గంటలు కలపాలి. అలా కలిపినప్పుడు తేదీ కూడా మారవచ్చు. ఒక రోజు తేడాతో డాబా ఎక్కేవాళ్లు దెబ్బతినేది ఇక్కడే.

అసలు చంద్రుడే కనిపించడం లేదు

2026 మార్చి 3న మన దగ్గర చంద్రుడు ఉదయించేసరికే సంపూర్ణ దశ అయిపోయింది. సాయంత్రం 6:47కు మోక్షం. అలాంటి గ్రహణాలకు తూర్పున ఇళ్లో గుట్టలో అడ్డుంటే ఏమీ దక్కదు. తూర్పు వైపు తెరపి ఉన్న డాబాను ముందురోజే చూసుకోవాలి. వేసవి, వానకాలపు పున్నమి చంద్రుడు దక్షిణం వైపు వాలి, తక్కువ ఎత్తులో నడుస్తాడు. 2028 జులై 6 రాత్రి వచ్చే పాక్షిక గ్రహణానికి దక్షిణ దిక్కు ఖాళీగా ఉండాలి.

మబ్బులకు మందు లేదు, ఓపిక తప్ప. కానీ సంపూర్ణ దశ క్షణాల్లో ముగిసేది కాదు. 2025లో 82 నిమిషాలు, 2018 జులైలో 103 నిమిషాలు సాగింది. వానకాలపు మబ్బు అంతసేపట్లో ఎక్కడో ఒకచోట విచ్చుకునే అవకాశం ఉంటుంది. పది నిమిషాలు చూసి కిందికి దిగిపోకండి.

ఫోన్లో చంద్రుడు తెల్లటి బల్బులా వస్తున్నాడు

స్పర్శకు ముందు, పాక్షిక దశలో అందరికీ వచ్చే చిక్కు ఇది. ఫ్రేములో నల్లటి ఆకాశమే ఎక్కువ. కెమెరా దాన్ని చూసి చీకటిగా ఉందనుకుని వెలుగు పెంచేస్తుంది. నైట్ మోడ్ పెడితే ఇంకా పాడవుతుంది. చంద్రుడు రాత్రిపూట కనిపించినా, అతని మీద పడుతున్నది పట్టపగటి ఎండ.

నైట్ మోడ్ తీసేయండి. తెర మీద చంద్రుణ్ని వేలితో తాకి కాసేపు అలాగే నొక్కి పట్టుకుంటే చాలా ఫోన్లలో ఫోకస్, వెలుగు రెండూ స్థిరపడతాయి. తర్వాత పక్కన వచ్చే సూర్యుడి గుర్తును మచ్చలు కనిపించేదాకా కిందికి జరపండి. సెట్టింగులు మనమే మార్చుకునే ప్రో మోడ్ ఉంటే ఐఎస్ఓ (వెలుగుకు కెమెరా స్పందించే తీరు) 100, షట్టర్ (వెలుగును లోపలికి రానిచ్చే సమయం) సెకనులో 1/250 వంతు దగ్గర మొదలుపెట్టండి. పెద్ద కెమెరాకూ అవే అంకెలు, ఎపర్చర్ (లెన్సు తెరుచుకునే వెడల్పు; ఎఫ్ అంకె తగ్గేకొద్దీ ఎక్కువ తెరుచుకుంటుంది) ఎఫ్ 8.

పాక్షిక దశలో వెలుగుతున్న భాగం, నీడలోని ఎర్రదనం రెండూ ఒకే ఫొటోలో రావాలని చాలామందికి ఆశ. ఒక్క షాటులో అది కుదరదు. వెలుగున్న భాగానికి ఒకటి, నీడకు ఒకటి వేరువేరుగా తీసుకోవడమే మేలు.

సంపూర్ణ దశలో అంతా నలుపు, లేదా ఎర్రటి మసక

పైన చెప్పిన సెట్టింగ్‌ను మార్చకపోతే నిమీలనం తర్వాత ఫొటోలో ఏమీ ఉండదు. ఇక్కడ లెక్క తిరగబడుతుంది. ఐఎస్ఓ 800 నుంచి 1600, ఎపర్చర్ ఎఫ్ 5.6 లేదా అంతకన్నా తెరిచి, షట్టర్ ఒక సెకను దాకా వెళ్లాలి. ఇప్పుడు నైట్ మోడ్ కూడా పనికొస్తుంది. సెకను పాటు ఫోన్ చేత్తో పట్టుకుని కదలకుండా ఉండటం ఎవరి వల్లా కాదు. ట్రైపాడ్ లేకపోతే పిట్టగోడ మీద బియ్యం సంచి పెట్టి, దాంట్లో ఫోన్ గుచ్చినట్టు నిలబెట్టండి. బటన్ నొక్కిన వేలి అదురు కూడా ఫొటోలో పడుతుంది కాబట్టి రెండు సెకన్ల టైమర్ పెట్టండి. డాబా మీద పిల్లలు పరిగెత్తుతుంటే ట్రైపాడ్ కూడా అదురుతుంది. ఫొటో తీసే ఆ కాస్సేపు ఆట ఆపించండి.

అదురు లేకపోయినా మసకగా ఉంటే ఫోకస్ తప్పినట్టు. ఎర్రచంద్రుడి వెలుగు ఆటో ఫోకస్‌కు చాలదు. స్పర్శకు ముందే నిండు చంద్రుడి మీద ఫోకస్ కుదిర్చి, మాన్యువల్‌కు మార్చి వదిలేయండి. పెద్ద లెన్సుతో రెండు మూడు సెకన్లు తెరిచి ఉంచినా చంద్రుడు సాగినట్టు వస్తాడు. భూభ్రమణం వల్ల రెండు నిమిషాలకోసారి తన వెడల్పంత జరిగిపోతాడు. సమయం పెంచే బదులు ఐఎస్ఓ పెంచుకోండి.

కంటికి ఎర్రగా ఉన్నాడు, ఫొటోలో బూడిద రంగు

కెమెరా తనంతట తాను రంగులు సరిచేసే ఆటో వైట్ బ్యాలెన్స్ ఆ ఎరుపును తప్పుగా భావించి సరిదిద్దేస్తుంది. ఎండ గుర్తున్న డేలైట్‌కు మార్చండి. ఫోన్లో జూమ్ చేసినప్పుడు చంద్రుణ్ని గుర్తుపట్టి ముస్తాబు చేసే సదుపాయం ఉంటే గ్రహణం రాత్రి దాన్ని ఆపేయాలి. దానికి తెలిసింది నిండు చంద్రుడి ముఖమే.

ఫొటోలో ఎర్రటి భాగానికీ వెలుగుకూ మధ్య లేత నీలపు గీత కనిపిస్తే మాత్రం దాన్ని చెరపకండి. అది లెన్సు లోపమే అనుకోనక్కర్లేదు. భూవాతావరణం గుండా వంగి వచ్చే వెలుగులో నీలం చెదిరిపోయి ఎరుపు మిగలడం వల్ల చంద్రుడు ఎర్రబడతాడు. నీడ అంచున పడే వెలుగు ఇంకా పైనున్న ఓజోన్ పొరను దాటి వస్తుంది. ఓజోన్ ఎరుపును పీల్చుకుంటుంది కాబట్టి అక్కడ నీలం తేలుతుంది. నా దృష్టిలో గ్రహణం మొత్తంలో అన్నిటికన్నా అందమైనది ఆ గీతే. నిమీలనానికి ఒకటి రెండు నిమిషాల ముందు, ఉన్మీలనమైన వెంటనే వెతకండి.

చంద్రుడు మరీ నల్లబడినా సెట్టింగులను తప్పు పట్టలేం. ఫిలిప్పీన్స్‌లోని పినటూబో అగ్నిపర్వతం 1991లో పేలి భూవాతావరణంలో ధూళి నింపాక 1992 డిసెంబరు గ్రహణంలో చంద్రుడు కనీకనిపించనంత చీకటిగా మారాడు.

చిన్నచిన్న చిక్కులు

చంద్రుడికి ఎదురుగా ఆకుపచ్చ చుక్క వస్తుంటే అది అద్దాల మధ్య ప్రతిబింబం. లెన్సు మీది ఫిల్టర్ తీసేయండి, ఫోన్ లెన్సును మెత్తటి గుడ్డతో తుడవండి, చంద్రుణ్ని ఫ్రేము మధ్యకు తెచ్చుకోండి. ఏసీ గదిలోంచి తెచ్చిన కెమెరా సెప్టెంబరు తేమకు ఆవిరి పట్టేస్తుంది. అరగంట ముందే సంచీతో సహా బయట పెట్టండి. మామూలు ఫోన్ ఫొటోలో చంద్రుడు ముప్ఫై నలభై పిక్సెళ్లకు మించడు. బైనాక్యులర్ కంటిగాజుకు ఫోన్ ఆనించి తీస్తే చాలా మెరుగు.

సూర్యగ్రహణం కళ్లద్దాలు పెట్టుకుంటే ఏమీ కనిపించడం లేదంటారా? కనిపించదు. చంద్రగ్రహణానికి మామూలు కళ్లు చాలు, ప్రమాదం లేదు. ఇంట్లో పెద్దవాళ్లు బయటికి వెళ్లొద్దని తలుపు వేస్తే వాదించకండి. పచ్చడి జాడీల మీద గరిక వేయడంలో సాయం చేసి, తర్వాత వాళ్లనూ పైకి రమ్మనండి. పడుతున్నది తగ్గిన వెన్నెలే.

మెడ పట్టేస్తోంది, ట్రైపాడ్ అంత పైకి తిరగడం లేదు

2028 డిసెంబరు 31 రాత్రి ఎదురవబోయే చిక్కు ఇది. చలికాలపు పున్నమి చంద్రుడు మనకు దాదాపు నడినెత్తికి చేరతాడు. ఆ రాత్రి సంపూర్ణ దశ 9:46 ప్రాంతంలో మొదలై 71 నిమిషాలు ఉంటుంది, అప్పటికే చంద్రుడు యాభై డిగ్రీలకు పైగా ఎత్తులో ఉంటాడు. చూడటానికి నులక మంచం వేసుకుని పడుకోవడమే సుఖం. ట్రైపాడ్ ముందు కాలు చంద్రుడి వైపు ఉండేలా నిలబెడితే పైకి తిప్పిన కెమెరా బరువుకు వెనక్కి పడదు. మోక్షం కొత్త సంవత్సరం మొదలైన కొద్ది నిమిషాలకు. బాణసంచా పొగ కమ్ముకునేలోపే కావలసినవన్నీ తీసేసుకోండి.