పలాసలో మరో జీడి యూనిట్ కొనే ముందు జాగ్రత్తలు

పక్క యూనిట్ అమ్మకానికి వచ్చిందనగానే బయానా ఇవ్వకండి. ముందు మీ యంత్రాలు ఏడాదిలో ఎన్ని నెలలు ఖాళీగా ఉంటున్నాయో చూసుకోండి. ముడిసరుకైన జీడి పిక్కల కొరతే కారణమైతే రెండో షెడ్డు దాన్ని తీర్చదు.

– జీఎస్టీ బకాయిలు: 2017 నాటి కేంద్ర చట్టంలోని 85వ సెక్షన్ ప్రకారం, వ్యాపారం చేతులు మారేనాటి వరకు ఉన్న పన్నుకు అమ్మినవారితో పాటు కొన్నవారూ బాధ్యులే. పీఎఫ్‌దీ దాదాపు అదే దారి. ‘అన్నీ కట్టేశాం’ అన్న మాట చాలదు, పోర్టల్ తెరిచి చూపించమనండి.

– స్థలానికి ఈసీ (దాని మీద రిజిస్టరైన అమ్మకాలు, తాకట్లు చూపే పత్రం) తీయించండి. గోదాములోని సరుకు బ్యాంకు తాకట్టులో ఉందేమో విడిగా విచారించాలి. ఈసీలో అది కనిపించదు.

– పప్పు ఒలిచే, గ్రేడింగ్ చేసే మహిళలు కొనసాగుతారా? నిజానికి మీరు డబ్బు పెడుతున్నది వాళ్ల చేతి పనితనానికే. పాత సర్వీసు గ్రాట్యుటీ ఎవరు భరిస్తారో ఒప్పందంలో రాయించండి.

– పప్పు కొనే ఖాతాదారులు సరుకు చూసి వస్తున్నారా, పాత యజమాని ముఖం చూసా?