గేటు దగ్గర సైకిల్‌వాళ్లకు ఒక చిట్కా

పొద్దున్నే హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు (ఓఆర్ఆర్) పక్కన సైకిల్ ట్రాక్‌కి వెళ్తుంటారా? 2023లో తెరిచిన ఆ 23 కిలోమీటర్లూ హాయిగానే ఉంటాయి. అసలు టెన్షన్ అంతా మన కమ్యూనిటీ గేటు దాటడంలోనే.

ముందు వెళ్లే కారు వెనకాలే దూరిపోకండి. బూమ్ బారియర్, అంటే గేటు దగ్గర అడ్డంగా ఉండి లేచి దిగే కర్ర, కారు స్టిక్కర్ చదివి లేస్తుంది, కారు దాటగానే దిగిపోతుంది. నేల కింద ఉండే సెన్సర్ పెద్ద ఇనుప బండిని పసిగట్టడానికి పెట్టింది, సన్నటి సైకిల్‌ని గుర్తించకపోవచ్చు. నాకు ఒకసారి ఆ కర్ర భుజం మీద పడింది. "అయ్యో, చూడలేదు సార్" అన్నాడు వాచ్‌మన్, పాపం. మనుషులు నడిచే చిన్న గేటు ఉంటే దిగి నడిపించుకుంటూ వెళ్లడమే మేలు. లేకపోతే చెయ్యెత్తి వాచ్‌మన్‌కి కనపడి, కర్ర పూర్తిగా లేచాకే కదలండి.

గేటు దగ్గర నేల మీద అడ్డంగా ఉన్న ఇనుప జాలీ మీద వానాకాలంలో బ్రేకు వేయకండి, జారుతుంది.

బయట రోడ్డు మీద యూటర్న్ దూరమని రాంగ్ సైడ్‌లో వస్తాం చూడండి, అదే అన్నిటికంటే ప్రమాదం. గేటులోంచి ఎడమకు తిరిగే కారు డ్రైవర్ కుడివైపే చూస్తాడు. మీరు అతనికి ఎడమ నుంచి వస్తుంటారు!

అసోసియేషన్ మీటింగ్‌లో అడిగి, పక్కనుంచి సైకిల్ పోయేలా బూమ్ కర్రను ఒక మీటరు పొట్టి చేయించుకోండి. మా దగ్గర చేశారు. ఇప్పుడు ఆ సందులోంచి డెలివరీ బైకులు కూడా దూరుతున్నాయి, అది వేరే గొడవ.