పర్లాకిమిడిలో కొట్టుకి వెబ్ పేజీ కట్టాలంటే

పేజీ కట్టమని వచ్చే కొట్టువాళ్ళు చేతిలో ఫ్లెక్సీ డిజైన్ పట్టుకొస్తారు. "ఇదే పెట్టేయండి సార్" అంటారు. పెట్టకండి. అది బొమ్మ. చూపు లేనివాళ్ళ ఫోన్లో తెరమీది రాతను పైకి చదివే టాక్‌బ్యాక్ దాన్ని సరిగ్గా చదవలేదు, అందులోని నంబరు నొక్కితే ఫోను కలవదు, చిన్న తెరమీద అక్షరాలు చీమల్లా అయిపోతాయి. రాతను రాతగానే పెట్టాలి.

ఆ ఫ్లెక్సీ ఫైలు నుంచి కాపీ చేద్దామనుకుంటే అక్కడో పేచీ. డీటీపీ సెంటర్లలో తెలుగు చాలావరకు 'అను' అనే పాత ఫాంట్లలోనే కొడతాం. అది పేజీలోకి తెస్తే పిచ్చి గీతలు వస్తాయి. యూనికోడ్‌లోకి (అన్ని ఫోన్లకీ తెలిసిన అక్షరాల పద్ధతి) మార్చండి. మార్చాక వత్తులు ఒకసారి సరిచూసుకోండి. నాలుగు లైన్లే అయితే మళ్ళీ టైపు చేయడమే సుఖం.

మాది ఒడిశాలో ఆంధ్ర సరిహద్దు ఊరు, అందుకే తెలుగు, ఒడియా రెండు లిపులూ కావాలి. పాతపట్నం నుంచి వచ్చే బేరగాళ్ళు తెలుగు చదువుతారు. మా వీధి పిల్లలు ఇంట్లో తెలుగే మాట్లాడినా బడిలో చదివేది ఒడియా. అందుకే పేజీ రాసే కోడు హెచ్‌టీఎమ్‌ఎల్‌లో ఏ పేరా ఏ భాషో 'లాంగ్' గుర్తుతో చెప్పాలి. తెలుగుకి టీ-ఈ, ఒడియాకి ఓ-ఆర్. ఈ గుర్తు ఉంటే, ఫోన్లో ఆ భాష గొంతు ఉన్నప్పుడు, చదివే యాప్ దానికి మారగలదు. ఈ మధ్యకాలపు ఆండ్రాయిడ్ ఫోన్లలో రెండు లిపులూ ఉంటాయి కాబట్టి ఫాంటు దింపించే పని పెట్టకండి. లైన్ల మధ్య ఖాళీ మాత్రం కాస్త ఎక్కువివ్వండి, లేకపోతే పై లైను వత్తులు కింది లైను గుడులకి తగులుతాయి.

కొట్టు పేరు పెద్ద శీర్షిక. తర్వాత తెరిచే వేళలు, ఫోన్ లింకు, చిరునామా. మ్యాప్ పేజీలో ఇరికించకుండా లింకు ఇచ్చి, ప్యాలెస్ నుంచి ఎటు తిరగాలో రెండు ముక్కలు రాయండి.

ధరల పట్టిక నొక్కితే తెరుచుకోవాలంటే పేజీని కదిలించే ప్రోగ్రాం జావాస్క్రిప్ట్ అక్కర్లేదు. 'డీటెయిల్స్', 'సమ్మరీ' ట్యాగులు చాలు. ఆర్డరు ఫారంలో ఖాళీ వదిలితే హెచ్చరించడానికి 'రిక్వైర్డ్' అన్న ఒక్క మాట సరిపోతుంది. ప్రతి గడికీ లేబుల్ మరవకండి. కదిలే ఫొటోల స్లైడర్ అందరూ అడుగుతారు. నేను ఒక్క మంచి ఫొటో పెట్టి, అందులో ఏముందో ఆల్ట్‌లో (ఫొటో చూడలేనివాళ్ళకి చదివి వినిపించే మాటలు) రాసి ఊరుకుంటాను. మొత్తం లెక్కగట్టడంలాంటి వాటికి స్క్రిప్ట్ వాడొచ్చు. ఆర్.ఉదయగిరి ఘాటీలో సిగ్నల్ తెగి ఆ స్క్రిప్ట్ దిగకపోయినా ధరలు కనబడాలి, అంతే.

రంగుల్లో ఫ్లెక్సీ మోజు వద్దు. తెలుపు మీద పసుపు ఎవరికీ కనబడదు. మామూలు సైజు రాతకి, వెనక రంగుకి వెలుగు తేడా కనీసం 4.5:1 ఉండాలని, పేజీలు అందరికీ అందేలా చూసే డబ్ల్యూసీఏజీ నియమం.

ఇక పరీక్ష. క్రోమ్ సైట్ సెట్టింగ్స్‌లో జావాస్క్రిప్ట్ ఆపి పేజీ తెరవండి. ఆ తర్వాత యాక్సెసిబిలిటీలో టాక్‌బ్యాక్ వేసి, కళ్ళు మూసుకుని కొట్టు నంబరుకి ఫోన్ చేసి చూడండి. టాక్‌బ్యాక్ వేశాక ఒక్క నొక్కుకి ఏదీ తెరుచుకోదు, రెండుసార్లు తట్టాలి. ఆఫ్ చేయడానికీ అంతే.