ఇల్లు నచ్చింది సరే, స్కూల్ ఏది?

టెక్సస్‌లోని ఫ్రిస్కోలో ఇల్లు చూస్తున్నారా? అడ్రస్‌లో ఫ్రిస్కో అని ఉన్నంత మాత్రాన పిల్లలు ఫ్రిస్కో ఐఎస్‌డీ (ప్రభుత్వ బడులు నడిపే స్కూల్ డిస్ట్రిక్ట్) బడికే వెళ్తారనుకోకండి. ఊరు నాలుగు స్కూల్ డిస్ట్రిక్టుల కింద ఉంది: ఫ్రిస్కో, ప్రాస్పర్, లిటిల్ ఎల్మ్, లూయిస్‌విల్.

- లిస్టింగ్‌లో ఉన్న స్కూల్ పేరును నమ్మేయొద్దు. ఇంటి నంబర్‌తో డిస్ట్రిక్ట్ వెబ్‌సైట్‌లో వెతకండి, ఫోన్ చేసి కూడా అడగండి. ఎలిమెంటరీ, మిడిల్, హైస్కూల్ మూడూ విడివిడిగా.
- కొత్త స్కూల్ కట్టినా, పిల్లలు తగ్గినా ఏ ఇల్లు ఏ స్కూల్ కిందకు వస్తుందో చెప్పే హద్దులు మళ్లీ గీస్తారు. అలాంటి ప్రతిపాదన నడుస్తోందేమో కనుక్కోండి. అసలు టెన్షన్ ఇక్కడే.
- కిండర్‌గార్టెన్‌కు సెప్టెంబర్ 1 నాటికి 5 ఏళ్లు నిండాలి.
- స్కూల్లో చేర్చడానికి కావాల్సినవి: టీకాల రికార్డు, బర్త్ సర్టిఫికెట్, అడ్రస్ ప్రూఫ్. ఇండియాలో వేయించిన టీకాల కాగితాలు ముందే తెప్పించుకోండి.

స్కూల్ సంగతి ఆప్షన్ పీరియడ్ (ఇల్లు కొనే ఒప్పందాన్ని కారణం చెప్పకుండా రద్దు చేసుకోగల గడువు) ముగిసేలోపే తేల్చుకోవాలి.