పాత సందుగ తెరిస్తే ముందు సర్దకండి

హనుమకొండలో ఒక పాత చర్చి వెనుక గదిలో ఇనుప సందుగ తెరిచిన రోజున నేను చేసిన మొదటి పనే తప్పు. విడి కాగితాలన్నీ బయటికి తీసి తేదీల వారీగా పేర్చేశాను. ముప్పై ఏళ్లు బడిలో రిజిస్టర్లు రాసిన చెయ్యి, ఊరుకుంటుందా? బాప్తిస్మాల రిజిస్టరు పేజీల మధ్య ఎవరో ఒక వడ్ల రశీదు దాచారు. అది ఎవరి పేరు దగ్గర ఉండిందో ఇక ఎవరూ చెప్పలేరు.

అందుకే మూత తీయగానే, ఏదీ కదపకుండా, పైనుంచి ఒక ఫొటో తీయండి. ఒక్కో కట్ట తీసే ముందు మరొకటి. కట్టకు వరస నంబరు వేసి చీటీ పెట్టండి. ఆ వరస మీకు అర్థంలేనిదిగా కనిపించినా మార్చొద్దు.

ఏది ముందు కాపాడాలి? హనుమకొండలో అమెరికన్ బాప్టిస్టు మిషన్ 1879లో మొదలైంది. మెదక్, కరీంనగర్ వైపు ఇంగ్లండు నుంచి వచ్చిన వెస్లియన్ మెథడిస్టు మిషన్ వాళ్లు పనిచేశారు. ఆ మిషన్ల దొరలు తమ దేశాలకు పంపిన ఉత్తరాలు, నివేదికలు చాలావరకు అక్కడ భద్రంగానే ఉన్నాయి. మెథడిస్టులవి లండన్‌లోని సోయాస్ అనే విశ్వవిద్యాలయ లైబ్రరీలో, బాప్టిస్టులవి అమెరికాలోని అట్లాంటాలో. మన దగ్గర మిగిలింది వేరే సరుకు: ఇంటింటికీ వెళ్లి బైబిల్ చెప్పిన 'బైబిల్ స్త్రీల' నోటుబుక్కులు, హాస్టల్ బియ్యం లెక్కలు, ఎడ్లబండి కిరాయి చీటీలు. వీటికి రెండో ప్రతి లేదు, కాబట్టి ముందు వీటినే పట్టండి. 1904లో ఇక్కడ పుట్టిన రాజరాజనరేంద్రాంధ్ర భాషానిలయం కాలం నాటి గ్రంథాలయాలు, సంస్కరణ సంఘాల కాగితాలకూ ఇదే లెక్క. అచ్చయిన నివేదిక ఇంకెక్కడైనా దొరకొచ్చు, చందాల పుస్తకం దొరకదు.

దుమ్ము మెత్తని పెయింటింగ్ బ్రష్‌తో దులపండి, పేజీ నడుమ నుంచి అంచుకు. మూతికి మాస్క్ ఉండాలి. తడిగుడ్డ దగ్గరికి రానివ్వొద్దు. తుప్పు పట్టిన గుండుసూదిని లాగితే కాగితం చినుగుతుంది. సూదికీ కాగితానికీ మధ్య పలుచని ప్లాస్టిక్ ముక్క దూర్చి మెల్లగా వదులు చేయండి. సెల్లోటేపు, లామినేషన్ రెండూ వద్దు. టేపు జిగురు పసుపెక్కి అక్షరాల్లోకి దిగుతుంది, లామినేషన్ చేసింది మళ్లీ ఊడదు. కట్టడానికి ఉతికిన తెల్ల నూలుగుడ్డ చాలు. ఆఫీసుల్లో వాడే ఎర్రగుడ్డ తడిస్తే రంగు దిగుతుంది.

2023 జూలై వానలకు మన కాలనీలు మునిగింది గుర్తుందిగా. బీరువా కింది అరను ఖాళీగా వదలండి, గోడకు జానెడు ఎడం ఉంచండి. కాగితం తడిస్తే రెండు రోజుల్లో బూజు పడుతుంది. ఎండలో పెట్టకండి, తెల్లకాగితాల మీద పరిచి ఫ్యాన్ గాలికి ఆరబెట్టండి. మరీ ఎక్కువ తడిస్తే కవర్లో చుట్టి ఫ్రీజర్‌లో పెట్టండి. బూజు ఆగుతుంది, తర్వాత కొంచెం కొంచెంగా ఆరబెట్టుకోవచ్చు. ఇంట్లో ఆడవాళ్లు ఏమంటారో అది మీరే చూసుకోవాలి.

ఫొటోల పని మాత్రం ఆలస్యం చేయొద్దు, వాటిలో ఉన్నవాళ్లను గుర్తుపట్టేవాళ్లు ఎనభై దాటారు. నేను ఒక పెద్దమ్మ దగ్గరికి ఒక గ్రూప్ ఫొటో తీసుకెళ్లాను. "గీమె మా మేనత్త బిడ్డా, పంతులమ్మ. గీ పక్కన నిలబడ్డది వంటామె, ఆమె పేరు ఎవరూ రాయలే" అన్నది. ఆ రెండో పేరు కోసమే మరో రెండుసార్లు పోయాను. పేర్లు వెనుక అంచున మెత్తని పెన్సిల్‌తో రాయండి, పెన్నుతో కాదు.

స్కాన్‌లు మూడు చోట్ల ఉంచండి, ఒకటి వేరే ఊళ్లో. కానీ అన్నీ వాట్సాప్ గ్రూపులో పెట్టకండి. రిజిస్టర్లలో పాత కులం పేర్లుంటాయి, కుష్ఠు ఆసుపత్రుల జాబితాల్లో రోగుల పేర్లుంటాయి. వాళ్ల మనవలు ఇక్కడే ఉన్నారు.

ఆ వడ్ల రశీదు ఇప్పుడు విడిగా ఒక కవర్లో ఉంది. పైన పెన్సిల్‌తో రాశాను: "ఏ పేజీలోదో తెలియదు. కదిపింది నేనే."