బస్తీ కుర్రాళ్లు కేసుల్లో ఇరుక్కోకుండా సాయంత్రం సెంటర్ నడపడం ఎలా?

పదో తరగతి తప్పి ఇంట్లో కూర్చున్నవాడు, నెలకో షెడ్డు మారే మెకానిక్ కుర్రాడు, అమ్మానాన్న రాత్రి తొమ్మిదికి గానీ ఇల్లు చేరని పిల్లాడు. ఇలాంటివాళ్లు ప్రతి బస్తీలోనూ ఉంటారు. సెల్‌ఫోన్ చోరీలోనో గంజాయి కేసులోనో పేరు ఎక్కేదాకా వాళ్లను పట్టించుకునేవాళ్లుండరు. ఎక్కాక మాత్రం ఊరంతా పట్టించుకుంటుంది. అంతదాకా రాకముందే బస్తీవాళ్లు చేయగలిగిన పని సాయంత్రం సెంటర్, అంటే పిల్లలు రోజూ సాయంత్రం చేరి ఆడుకునే, మాట్లాడుకునే చోటు. దీనికి పెద్ద సంస్థ అక్కర్లేదు. ఒక గది, మాట తప్పకుండా వచ్చే ఇద్దరు పెద్దవాళ్లు చాలు.

1. ముందు బస్తీ తిరగండి

ఓ రెండు వారాలు సాయంత్రాలు ఊరికే తిరగండి. వైన్ షాపు వెనక, పని ఆగిపోయిన అపార్ట్‌మెంట్‌లో, రైలు పట్టాల పక్కన ఏ వేళకు ఎవరు చేరుతున్నారో చూడండి. కిరాణా కొట్టతన్ని, అంగన్‌వాడీ టీచర్ని, పొదుపు సంఘం ఆడవాళ్లను అడగండి. అయితే ‘చెడిపోయిన పిల్లలెవరు?’ అని మాత్రం అడగొద్దు. ఆ మాట సాయంత్రానికల్లా పిల్లల చెవిన పడుతుంది, ఇక ఒక్కడూ రాడు. ‘బడి మానేసినవాళ్లెవరు?’ అని అడిగితే అవే పేర్లు వస్తాయి, ఎవరికీ మచ్చ పడదు.

2. ‘దారితప్పినవాళ్ల’ బ్యాచ్ పెట్టొద్దు

చాలామంది ఇక్కడే తప్పటడుగు వేస్తారు. అమెరికాలో బోస్టన్ పక్కనున్న కేంబ్రిడ్జ్, సోమర్‌విల్ పట్టణాల్లో 1939లో 506 మంది మగపిల్లలతో ఒక పెద్ద ప్రయోగం మొదలైంది. సగం మందికి ఏళ్ల తరబడి సలహాలు, ట్యూషన్లు, వైద్యం, వేసవి శిబిరాలు అందాయి. మిగతా సగానికి ఏమీ లేదు. ముప్పై ఏళ్ల తర్వాత జోన్ మెకార్డ్ అనే పరిశోధకురాలు వాళ్ల జీవితాలు ఆరా తీస్తే, సాయం అందినవాళ్లే కొన్ని విషయాల్లో అధ్వానంగా తేలారు. వేసవి శిబిరాలకు ఒకటికి రెండుసార్లు వెళ్లినవాళ్ల సంగతి మరీ ఘోరం. పోకిరీ పిల్లలను ఒకచోట చేర్చితే ఒకరి గొప్పలు ఒకరు విని ఇంకాస్త ముదురుతారు.

కాబట్టి సెంటర్‌కు అందరినీ రానివ్వండి. బుద్ధిగా చదివేవాళ్లు, కబడ్డీ బాగా ఆడేవాళ్లు ఎక్కువమంది ఉండాలి. మీరు కన్నేసి ఉంచిన నలుగురైదుగురు వాళ్లలో కలిసిపోవాలి. ఎవరి కోసం పెట్టారో పిల్లలకు తెలియకూడదు.

3. ‘అన్న’ను చూసి పెట్టుకోండి

అన్న అంటే సెంటర్‌లో రోజూ పిల్లలతో ఉండే మనిషి. అతను బస్తీవాడైతే మంచిది. రోజూ అదే మనిషి, అదే వేళకు రావాలి. వారానికొకరు వచ్చి ఉపన్యాసం దంచిపోతే ఫలితం సున్నా. అతనికి ఎంతో కొంత జీతం ఇవ్వండి. ఉచిత సేవ పరీక్షల కాలం వచ్చేసరికి నిలిచిపోతుంది. పెట్టుకునే ముందు ఇంతకుముందు పనిచేసిన చోట ఆరా తీయండి. తలుపు మూసిన గదిలో ఒక పెద్ద మనిషి, ఒక పిల్లాడు ఒంటరిగా ఉండకూడదన్న నియమం గోడమీద రాసిపెట్టండి. లైంగిక వేధింపు జరిగిందని తెలిస్తే పోక్సో చట్టం ప్రకారం ఫిర్యాదు చేసి తీరాలి. ‘పరువు పోతుంది, మనలో మనం సర్దుకుందాం’ అనే పెద్దమనిషి ఉంటే, ముందు ఆయన్ను కమిటీలోంచి తీసేయండి.

4. మొదట ఆట, తర్వాతే మాట

మొదటి నెలంతా క్యారమ్స్, కబడ్డీ, మరమరాల మిక్చర్. నీతిబోధ వద్దు. పిల్లలు అలవాటు పడ్డాక వారానికి ఒకరోజు ఒక గంట మాటలకు పెట్టుకోండి.

షికాగోలో ‘బికమింగ్ ఎ మ్యాన్’ అనే కార్యక్రమంలో చేయించే ఆట ఒకటి మనకూ పనికొస్తుంది. పిల్లల్ని జతలు చేయండి. ఒకడి చేతికి టెన్నిస్ బంతి ఇచ్చి, ముప్పై సెకన్లలో దాన్ని తీసుకోమని రెండోవాడికి చెప్పండి. విజిల్ వేయగానే వేళ్లు విరవడం, గిచ్చడం, కిందపడి దొర్లడం. అందరినీ కూర్చోబెట్టి, ‘ఇమ్మని ఒక్కడైనా అడిగాడా?’ అనండి. ‘అడిగితే వాడిస్తాడా అన్నా!’ అంటాడొకడు. బంతి ఉన్నవాణ్నే అడగండి. ‘మామూలుగా అడిగితే ఇచ్చేవాణ్నే కదా, బంతే కదా’ అంటాడు. గది గొల్లుమంటుంది. అక్కడినుంచి మొన్నటి గొడవ గురించి వాళ్లే మాట్లాడతారు.

షికాగో విశ్వవిద్యాలయ పరిశోధకుల లెక్కలో, ఆ కార్యక్రమం నడిచినన్నాళ్లు అందులోని కుర్రాళ్లు హింసాత్మక నేరాల్లో అరెస్టవడం దాదాపు సగానికి తగ్గింది. ఆగిపోయాక ఆ తేడా నిలవలేదు. అంటే రెండు నెలల ‘స్పెషల్ డ్రైవ్’లతో అయ్యే పని కాదిది.

ఈ గంటల్లోనే మన దగ్గరి ఎరల గురించీ చెప్పండి. ‘నీ పేరు మీద బ్యాంకు ఖాతా తెరిచి కార్డు, సిమ్ ఇస్తే రెండు మూడు వేలిస్తా’ అని ఎవడో వస్తాడు. ఆ ఖాతాలోకి సైబర్ మోసం డబ్బు పడుతుంది, పోలీసులు మొదట వెతుక్కుంటూ వచ్చేది ఖాతాదారు ఇంటికే. బెట్టింగ్ యాప్‌లో పోయిన డబ్బు తీర్చడానికి దొంగతనానికి దిగడమూ ఇలాగే మొదలవుతుంది.

5. చదువు, పని

బడి మానేసినవాణ్ని మళ్లీ చిన్నపిల్లల పక్కన కూర్చోమంటే కూర్చోడు. పద్నాలుగేళ్లు నిండితే సార్వత్రిక పాఠశాల ద్వారా పదో తరగతి కట్టించవచ్చు, ఐటీఐలో కొన్ని ట్రేడ్లకు ఎనిమిదో తరగతి చాలు. పనిలో పెట్టేటప్పుడు వయసు చూడండి: 14 లోపు పని చట్టరీత్యా నేరం, 18 లోపు ప్రమాదకరమైన పనులు కుదరవు.

6. ఠాణాతో ముందే పరిచయం

2015 బాల న్యాయ చట్టం ప్రకారం ప్రతి స్టేషన్లో ఏఎస్సై హోదాకు తగ్గని అధికారి ఒకరు పిల్లల వ్యవహారాలు చూడాలి. ఆయన్ను ఒకసారి సెంటర్‌కు పిలవండి, మామూలు దుస్తుల్లో రమ్మనండి. 18 ఏళ్లలోపు పిల్లలను లాకప్‌లో పెట్టకూడదనీ, పట్టుకున్న 24 గంటల్లో బాలల న్యాయ మండలి ముందుంచాలనీ తల్లిదండ్రులకు చెప్పండి. కేసు ఉన్న పిల్లాడి పేరు, ఫోటో బయటపెట్టడం నేరం. బస్తీ వాట్సాప్ గ్రూపుకూ ఇది వర్తిస్తుంది. పిల్లలతో గంజాయి మోయించే పెద్దవాళ్లకైతే 7 ఏళ్ల దాకా శిక్ష ఉంది. ఆపదలో ఉన్న పిల్లల కోసం 1098కి, మత్తు మానిపించే సాయం కోసం 14446కి ఫోన్ చేయండి.

‘ఒకసారి జైలు చూపిస్తే బుద్ధొస్తుంది’ అనేవాళ్లు తప్పకుండా ఉంటారు. 1970ల్లో న్యూజెర్సీలోని రావే జైల్లో ఖైదీలతో పిల్లల్ని బెదిరించి చూశారు. అలాంటి కార్యక్రమాలను కలిపి సమీక్షిస్తే, వెళ్లినవాళ్లే తర్వాత ఎక్కువ నేరాలు చేశారని తేలింది. ఆ బస్సు ఖర్చుతో రెండు క్యారమ్ బోర్డులు కొనండి.

7. రానివాడి ఇంటికి వెళ్లండి

హాజరు పుస్తకం పెట్టండి. వరుసగా మూడు రోజులు రాని పిల్లాడి ఇంటికి నాలుగో రోజు అన్న వెళ్లాలి. ‘ఎందుకు రాలేదు?’ అని నిలదీయకుండా, ‘రేపు మ్యాచుకు ఒకడు తక్కువయ్యాడు, వస్తావా?’ అనాలి. ఇంట్లో లేకపోతే ఎక్కడున్నాడో వాళ్లమ్మను కాకుండా జట్టువాళ్లను అడగండి, వాళ్లకు తెలిసే ఉంటుంది.